అప్‌డేట్: కూకట్‌పల్లి ఫ్లాట్‌కు టీవీ కొన్నాము

మా హాల్లో పడమటి కిటికీ ఉందని, సోఫాకు గోడకు మధ్య 8 అడుగుల దూరం ఉందని చెప్పి, ఓఎల్‌ఈడీ తీసుకోవాలా, ఎల్‌ఈడీ చాలునా అని ఇదివరకు అడిగాను. చివరకు 55 అంగుళాల 4కే ఎల్‌ఈడీ తీసుకున్నాము.

ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ (తెరపై ఉండే చిన్న చుక్క) తానే వెలుగునిచ్చి, అవసరమైనచోట పూర్తిగా ఆరిపోతుంది కనుక నలుపు నిజంగా నలుపుగానే కనబడుతుంది. అయితే మా ఇంట్లో టీవీ ఎక్కువగా నడిచేది ఎండ నేరుగా పడే సాయంత్రపు వేళ కాబట్టి, ఆ సొగసుకు అంత ధర పెట్టడం నాకు సమంజసమనిపించలేదు. పైగా అత్తయ్యగారు రోజంతా వార్తా ఛానెళ్లే చూస్తారు. కదలని ఛానెల్ గుర్తులు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే ఓఎల్‌ఈడీ తెరపై మచ్చ మిగిలే అవకాశం ఉంది.

ఎల్‌ఈడీ టీవీల తెరల్లో (ప్యానెళ్లలో) వీఏ, ఐపీఎస్ అనే రకాల్లో ఏది తీసుకోవాలన్న దగ్గరే ఎక్కువసేపు తర్జనభర్జన పడ్డాము. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసినట్లుంటాయి. ఐపీఎస్‌లో దాదాపు దీనికి విరుద్ధం. అందరం ఎదురుగానే కూర్చుంటాము కనుక వీఏ ఎంచుకున్నాము. షోరూంలో పెట్టే కళ్లు జిగేల్‌మనే మోడ్‌ను నమ్మకుండా, సినిమా మోడ్‌లోకి మార్పించి చూశాము.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కూడా కలిసివచ్చింది. శబ్దం మాత్రం పలచగా ఉంది. టీవీ శబ్దాన్ని బయటి స్పీకర్లకు పంపే ఈఆర్క్ పోర్టు ఉంది కాబట్టి సౌండ్‌బార్ తరువాత చూస్తాము.