యూకేలో చరిత్ర, సాహిత్యం చదవడానికి అప్లై చేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

మంథని_బాట:
హైదరాబాద్‌లో బీఏ హిస్టరీ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఆక్స్‌ఫర్డ్, సోయాస్ (లండన్‌లోని యూనివర్సిటీ), ఎడిన్‌బరోల్లో మాస్టర్స్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, హిస్టరీ ఎందుకు, డేటా సైన్స్‌కి వెళ్లమన్నారు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే స్టేట్‌మెంట్ నేనే రాసుకున్నాను. "చిన్నప్పటి నుంచీ చరిత్ర అంటే ప్రాణం" అని మొదలవుతుంది. బాగుందా? ఖర్చు గురించి ఇంట్లో చాలా టెన్షన్‌గా ఉంది. స్కాలర్‌షిప్పుల గురించి కూడా చెప్పండి.

హనుమకొండ_అక్క:
తమ్ముడూ, ఆ మొదటి వాక్యం తీసెయ్. నాదీ అలాగే మొదలైంది. మా మేడమ్ మొదటి పేజీ అంతా కొట్టేసి, మూడో పేజీలో ఒక పేరా చుట్టూ గీత గీసి ఇచ్చారు. 1832-33 గుంటూరు కరువు గురించి రాసిన పేరా అది. మా అమ్మమ్మ వైపు వాళ్లు నందన కరువు అనేవాళ్లు. కలెక్టర్ల ఉత్తరాల్లో ఎంత శిస్తు తగ్గిందో ఉంటుంది, ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయో ఉంటుంది. ఊరు వదిలి నడిచినవాళ్ల మాట ఎక్కడ దొరుకుతుందన్నది నా ప్రశ్న. మేడమ్ దాంతోనే మొదలుపెట్టమన్నారు. లండన్ ఎందుకు అన్నదానికి కూడా జవాబు అందులోనే దొరికింది: ఈస్టిండియా కంపెనీ కాలపు ఇండియా ఆఫీస్ రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. "ప్రపంచ స్థాయి యూనివర్సిటీ" లాంటి మాటలు ఒక్కటి కూడా రాయక్కర్లేకపోయింది.

ఇంకో మాట. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, సాహిత్యం లాంటి చాలా హ్యుమానిటీస్ మాస్టర్స్‌కి స్టేట్‌మెంట్‌తో పాటు, ఒక్కోటి 2,000 పదాలకు మించని రెండు వ్యాసాలు కూడా పంపాలి. నాకు ఎక్కువ టైమ్ పట్టింది వాటికే. మన పరీక్షల్లో పాయింట్ల వారీగా రాయడం అలవాటు కదా, ఒకే వాదనను 2,000 పదాల పాటు నడపడం ఎవరూ నేర్పరు. ఆ రెండూ ఇవాళే మొదలుపెట్టు.

కృష్ణాతీరం:
నేను రెఫరెన్సుల దగ్గర, అంటే మన గురించి సార్లు రాసే సిఫార్సు ఉత్తరాల దగ్గర దెబ్బతిన్నాను. మూడు కావాలన్నారు. ఒక సార్ "నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతా" అన్నారు. అలా కుదరదు, యూనివర్సిటీ ఆయనకే లింక్ పంపుతుంది. ఆయన ఇచ్చింది సొంత జీమెయిల్ ఐడీ, అది చెల్లదని మళ్లీ కాలేజీ మెయిల్ అడిగారు. ఆ మెయిల్ ఆయన ఎప్పుడూ తెరవలేదు. చివరి రోజు ఆయన ఇంటికెళ్లి, పక్కన కూర్చుని పాస్‌వర్డ్ మార్పించాను. ఆక్స్‌ఫర్డ్ గడువు అక్కడ మధ్యాహ్నం 12కి, అంటే చలికాలంలో మనకు సాయంత్రం 5:30. నేను అర్ధరాత్రి దాకా ఉందనుకున్నాను!

ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కూడా ముందే రాసేయండి. ఆక్స్‌ఫర్డ్‌లో హ్యుమానిటీస్‌కి సాధారణంగా మొత్తం మీద 7.5, ఒక్కో విభాగంలో 7కి తగ్గకుండా అడుగుతారు. నాకు రైటింగ్‌లో 6.5 వచ్చి రెండోసారి రాయాల్సి వచ్చింది.

విజయవాడ_నాన్న:
మా అమ్మాయి ప్లస్ టూ తర్వాత ఇంగ్లిష్ లిటరేచర్ డిగ్రీకి అప్లై చేసింది. ఇంటర్, ప్లస్ టూ చదివే పిల్లల తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను. అక్కడి డిగ్రీలకు అప్లై చేసే యూకాస్ వెబ్‌సైట్‌లో ఐదు కోర్సులే పెట్టుకోవచ్చు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండూ ఒకే ఏడాది కుదరవు. వాటికి గడువు అక్టోబర్ 15. ఐదింటికీ ఒకే స్టేట్‌మెంట్ వెళ్తుంది కాబట్టి మూడు లిటరేచర్, రెండు లా అని కలపకండి.

డిసెంబర్‌లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అరగంట ముందు ఎప్పుడూ చూడని కవిత ఒకటి ఇచ్చారట. తల్లి బిడ్డతో మాట్లాడుతోందని మా అమ్మాయి చెప్పింది. "బిడ్డ అక్కడ ఉన్నట్టు ఏ లైన్‌లో ఉంది?" అని అడిగారు. మళ్లీ చదివి, లేదండీ, పొరపాటు పడ్డాను, బిడ్డ లేడు అంది. అక్కడి నుంచి మాట బాగా సాగిందని చెప్పింది. సీటు రాలేదు. ఇప్పుడు డరం యూనివర్సిటీలో చదువుతోంది, సంతోషంగా ఉంది.

హనుమకొండ_అక్క:
డబ్బు సంగతి. ఫీలిక్స్ స్కాలర్‌షిప్ చూడు. ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రెడింగ్‌లకు ఇస్తారు, డిగ్రీలో ఫస్ట్ క్లాస్ ఉండాలి, అంతకుముందు విదేశంలో చదివి ఉండకూడదు. ఫీజు, ఉండే ఖర్చు రెండూ వస్తాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవనింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల ఉద్యోగ అనుభవం కావాలి, నీకు ఇప్పుడే కుదరదు. సొంత డబ్బుతో వెళ్తే, వీసాకు చూపించే మొత్తం ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా కష్టమే.

మంథని_బాట:
అందరికీ థ్యాంక్సండీ. రాత్రి మళ్లీ రాశాను. ఇప్పుడు ఇలా మొదలవుతుంది: "మా ముత్తాత పేరున్న నిజాం కాలపు పహాణీ ఉర్దూలో ఉంది. ఆయనకు ఉర్దూ చదవడం రాదు. తన పొలం కాగితాన్ని తాను చదువుకోలేని రైతు దాన్ని ఎవరితో చదివించుకున్నాడు, వాళ్లను ఎలా నమ్మాడు?"

హనుమకొండ_అక్క:
ఇది నీది. మరి నీకు ఉర్దూ చదవడం వచ్చా? చదివేవాళ్లకు మొదట వచ్చే సందేహం అదే. రాకపోతే ఈ వారమే ఎక్కడైనా చేరి, నేర్చుకుంటున్నానని ఒక లైన్ రాయి.

మంథని_బాట:
అక్షరాలు వచ్చక్కా. శికస్తా అనే గొలుసుకట్టు రాత ఇంకా కూడబలుక్కుంటున్నాను. రేపు మా సార్‌ని కలిసి రెఫరెన్స్ అడుగుతాను, ముందు ఆయన కాలేజీ మెయిల్ తెరుచుకుంటుందో లేదో చూస్తాను.