బెంగళూరు–గన్నవరం విమానం: దూరం ఒకటే, సమయం రెండు రకాలుగా ఎందుకుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేముండేది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో. మాఘమాసంలో గుడివాడలో మా మేనకోడలి పెళ్లి, ముహూర్తం పొద్దున 11:40కి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రాత్రంతా బస్సులో కూర్చోలేదు. అందుకే గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్ట్) దాకా విమానం చూస్తున్నాను. దూరం ఒకచోట 497, ఇంకోచోట 309, మరోచోట 268 అని ఉంది. టికెట్లలో ఒకదానికి గంటా పది నిమిషాలు, ఇంకోదానికి గంటన్నర. ఏది నమ్మాలి? పెళ్లి రోజు తెల్లవారుజామున బయల్దేరితే అందుకుంటామా?

జవాబు:
మూడూ సరైనవేనండీ. 497 కిలోమీటర్లు, 309 మైళ్లు, 268 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఇది తిన్నగా దారం పట్టి కొలిచినట్టు వచ్చే దూరం, రోడ్డు మీద 650 దాకా అవుతుంది.

సమయంలో తేడా విమానాన్ని బట్టి వస్తుంది. ప్రొపెల్లర్లు ఉండే ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ 800 దాటుతుంది. అలాగని జెట్‌లో నలభై నిమిషాల్లో దిగిపోం. టికెట్ మీద వేసేది ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా పట్టే సమయం. విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, మళ్లీ దిగడం అన్నీ అందులోనే. ఇంత దగ్గరి ప్రయాణంలో జెట్ పూర్తి వేగంతో పోయేది కొద్దిసేపే.

ఇంకో జవాబు:
అన్నా, విమానం సంగతి సరే, ఇంటి నుంచి లెక్క వేసుకోండి. మీరు ఊరికి దక్షిణం చివర, ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్లి ఉత్తరాన. ట్రాఫిక్ ఆగిపోయే సిల్క్ బోర్డు, హెబ్బాళ జంక్షన్లు రెండూ దాటాలి. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. ఏడింటి విమానానికి మూడున్నరకే బయల్దేరాలి. ఎనిమిదిన్నరకి దిగి, లగేజీ తీసుకుని, కారులో గుడివాడ చేరేసరికి పది. కాగితం మీద బాగానే ఉంది. కానీ మాఘమాసం పొద్దున్న మంచు ఇటు దేవనహళ్లిలోనూ, అటు గన్నవరంలోనూ ఉంటుంది. మా పెద్దమ్మ కూతురి పెళ్లికి ఇలాగే తెల్లవారి విమానం నమ్ముకున్నాం. మంచుకి రెండు గంటలు ఆగిపోయింది, తాళి కట్టడం చూడలేకపోయాం. ఆ బాధ ఇంకా పోలేదు. మనవరాలి పెళ్లి కదా, అమ్మగారిని ముందు రోజే తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ముందు రోజు మధ్యాహ్నం జెట్‌కే తీసుకున్నాను. చాలా టెన్షన్ తగ్గింది. అమ్మకు వీల్‌చైర్‌కి డబ్బు కట్టాలా?

జవాబు:
అక్కర్లేదండీ, ఉచితమే. ఎయిర్‌లైన్ వాళ్లకి ఇప్పుడే చెప్పి టికెట్‌లో నమోదు చేయించండి. ఆవిడ మెట్లు ఎక్కలేరని విడిగా చెప్పండి, లేకపోతే విమానం మెట్ల దాకా తెచ్చి వదిలేస్తారు. టెర్మినల్ 1 ఆ, 2 ఆ అనేది కూడా టికెట్‌లో చూసుకుని క్యాబ్ అతనికి ముందే చెప్పండి.