ప్రొబేట్ కాని వీలునామాతో పొలం పేరు మార్పు ఎలా?

ప్రశ్న (ప్రొద్దుటూరు, కడప జిల్లా): మా పెదనాన్నగారు తమ స్వార్జిత పొలాన్ని నాకు రాసిన వీలునామా రిజిస్టరు కాలేదు, ప్రొబేటూ (వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించడం) జరగలేదు. ఆయన కుమార్తెలు అభ్యంతరం చెబుతున్నందున పాసుపుస్తకం ఎలా మార్చుకోవాలో తెలుపగలరు.

జవాబు 1: అన్నగారూ, మన జిల్లాలో ఇక్కడి ఆస్తికి హిందువులు రాసిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషనూ ఐచ్ఛికమే. అయితే 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి. వివాదం కోర్టుకు వెళ్తే, బతికి ఉన్నవారిలో ఒక్కరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి. వారు వయసు మళ్లినవారైతే దయచేసి ఆలస్యం చేయకండి.

జవాబు 2: తహసీల్దారు పేరు మార్చినా దానితో హక్కు తేలదు కనుక, సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దావా వేయవలసి ఉంటుంది. వీలునామా అసలు ప్రతిని భద్రపరచండి.

జవాబు 3: దావాకు ముందు ఆ అక్కచెల్లెళ్లతో మాట్లాడండి, సమ్మతిస్తే రిజిస్టరు పత్రం రాయించుకోవచ్చు.