అమ్మ చూసిన పచ్చబొట్టు కోర్టులో నిలబడుతుందా?

ప్రశ్న (నర్సంపేట నుంచి)

అందరికీ నమస్కారం. నిరుడు సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు మా అమ్మ ఊరి బయట గునుగు పువ్వు కోస్తోంది. బైక్ మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు దిగి పుస్తెలతాడు గుంజుకుపోయాడు. ముఖానికి దస్తీ ఉంది. అమ్మ తాడు వదలకుండా పెనుగులాడితే వాడి చొక్కా చెయ్యి పైకి జరిగింది. కుడి మణికట్టు లోపలివైపు ‘సమ్మక’ అని పచ్చబొట్టు. క కింద వత్తు లేదు. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది, తప్పు రాత ఆమె కంట్లో ఇట్టే పడుతుంది.

ఆ సాయంత్రమే పోలీసులకు చెప్పాం. కొన్నాళ్లకు ఒకతన్ని పట్టుకున్నారు. ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి అమ్మకు సమన్లు వచ్చాయి, 18న వాయిదా. ఆమెకు అసలే బీపీ. ఇంటిల్లిపాదికీ టెన్షన్. "మొఖం కనబడలే బిడ్డా, చెయ్యే కనబడ్డది. గది చాల్తదా?" అని రోజూ అడుగుతోంది. అతను పచ్చబొట్టు తీయించేసుకుంటే ఏమవుతుంది? చెయ్యి చూపించనంటే? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (హన్మకొండ, క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని)

ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఏ విషయమైనా కోర్టు వింటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 7వ సెక్షన్, పాత 1872 చట్టంలో 9వది. ముఖమే చూసి ఉండాలన్న రూలు లేదు.

చెయ్యి చూపించననే మాట చెల్లదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3)లో ఉంది, నిజమే. కానీ గుర్తింపు కోసం ఒంటి భాగాన్ని చూపించడం దాని కిందికి రాదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో సుప్రీంకోర్టు 11 మంది జడ్జీల బెంచ్ చెప్పింది.

అయితే పచ్చబొట్టు ఒక్కదాని మీదే శిక్ష పడుతుందని అనుకోవద్దు. ఎదుటి లాయర్ మొదట అడిగే మాట నేనిప్పుడే చెప్పగలను: "మేడారం జాతరకు పోయినవాళ్లలో ఎంతమంది చేతుల మీద సమ్మక్క పేరుంటదమ్మా?" వేలమందికి ఉంటుంది. ఒకే అచ్చు పెట్టి పొడిచేవి వందల చేతుల మీద ఒకేలా కనిపిస్తాయి. మీ కేసుకు బలం ఆ లేని వత్తులోనే ఉంది. పేరు అందరిదీ, ఆ తప్పు మాత్రం ఏ ఒకరిద్దరిదో.

కాబట్టి రెండు సంగతులు చెప్పండి. వత్తు లేదన్న ముక్క ఫిర్యాదులో గానీ, పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో గానీ ఉందా? తాడు దొరికిందా?

నర్సంపేట

ఎఫ్ఐఆర్ కాపీ ఇప్పుడే తీసి చూశాను సార్. "కుడిచేతి మణికట్టుపై సమ్మక అని, వత్తు లేకుండా" అని ఉంది. తాడులో సగం ముక్క కుదువ పెట్టిన చోట దొరికిందట, అతనే తీసుకుపోయి చూపించాడట. ఒక్కటే భయం. పట్టుకున్నాక పోలీసులు అమ్మకు ఆ చేతి ఫొటో చూపించారు. ఈ సంగతి దాచాలా?

హన్మకొండ లాయర్

అస్సలు దాచొద్దు. అడిగితే "చూపించారు" అని చెప్పాలి. ఫొటో చూశాకే కథ అల్లారని అవతలివాళ్లు అంటారు. దానికి సమాధానం మీ చేతిలోని ఎఫ్ఐఆరే. మనిషి దొరక్కముందే, ఘటన జరిగిన రోజే ఆ మాట కాగితం మీదికెక్కింది. అది లేకుండా ఇవాళ కొత్తగా కోర్టులో చెబితే "అప్పుడెందుకు చెప్పలేదు?" అని నిలదీసేవారు. అతను చూపించిన చోట తాడు దొరకడం, పంచనామా, దీనికి తోడైతే కేసు గట్టిదే.

జవాబు (వరంగల్, ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను)

తీయించేసుకోవడం గురించి. పచ్చబొట్టు రంగు పై పొరలో ఉండదు, దాని కింద ఉన్న అసలు చర్మంలో దిగి ఉంటుంది. అందుకే నీళ్లలో నాని పై తోలు ఊడిపోయిన శవం మీద కూడా అక్షరాలు కనిపిస్తాయి, ఒక్కోసారి ముందుకంటే స్పష్టంగా. లేజర్‌తో తీయించినా చాలాసార్లు మచ్చో, తెల్లబారిన జాడో మిగులుతుంది. పైగా అరెస్టు తర్వాత చేసే వైద్య పరీక్షలో డాక్టర్ ఒంటి మీది గుర్తులు రాస్తారు. పదో తరగతి మెమోలో పుట్టుమచ్చలు రాసినట్టే అనుకోండి. ఆ కాగితం, పోలీసులు తీసిన ఫొటో ఉంటే ఇప్పుడు చెరిపేసుకున్నా లాభం లేదు.

ఒక్క సంగతి మాత్రం మాకు పదే పదే చెప్తారు. పచ్చబొట్టు ‘ఎవరు’ అన్నది చెప్తుంది, ‘ఏం చేశారు’ అన్నది చెప్పదు. 1935లో సిడ్నీలో ఒక అక్వేరియంలోని సొరచేప మనిషి చెయ్యిని కక్కింది. దాని మీద ఇద్దరు బాక్సర్లు తలపడుతున్న బొమ్మ. ఆ బొమ్మ, వేలిముద్రలు కలిసి చెయ్యి ఎవరిదో తేల్చాయి. హత్య కేసు పెట్టారు, నిందితుడు మాత్రం నిర్దోషిగా బయటపడ్డాడు. లాయర్ గారు తాడు గురించి అడిగింది ఇందుకే.

జవాబు (జమ్మికుంట)

తమ్మీ, నేనూ ఒక కేసులో సాక్ష్యం చెప్పాను. అమ్మకు పొద్దున గోలీ వేసి, ఏమన్నా తినిపించి తీసుకుపోండి, పిలిచేసరికి మధ్యాహ్నమైనా కావచ్చు. నిలబడలేకపోతే కుర్చీ అడగొచ్చు, ఇస్తారు. తెలియనిది తెలియదనే చెప్పమనండి.

నర్సంపేట

అక్కా, చాలా థ్యాంక్స్. సార్, చివరిది. "ఇతనేనా?" అని అడిగితే అమ్మ ఏమనాలి? ఇంకోటి, నిన్న క్యాలెండర్ వెనకవైపు ఆ పచ్చబొట్టు ఎలా ఉందో గీసి చూపించింది. మ వత్తు కాస్త వంకరగా, క పక్కన చిన్న చుక్క కూడా పెట్టింది. ఆ కాగితం తీసుకురావాలా?

హన్మకొండ లాయర్

ముఖం చూడలేదు కనుక "ఇతనే" అనొద్దు. "ఆ చెయ్యి చూశాను, మణికట్టు మీద ఇలా రాసి ఉంది" అనాలి. చెయ్యి చూపించమని అడిగే పని ప్రభుత్వం తరఫు లాయర్‌ది, చూసి రికార్డు చేయించేది జడ్జి గారు. 18న అరగంట ముందే పోయి ఆ ప్రభుత్వ లాయర్ (ఏపీపీ) గారిని కలవండి. చుక్క సంగతి ఎఫ్ఐఆర్‌లో లేకపోతే దాన్ని మీరు గుర్తుచేసి చెప్పించకండి. అడిగినప్పుడు ఆమెకు గుర్తుంటే ఆమే చెప్తుంది. కాగితం ఇంట్లోనే ఉంచండి. గీయమంటే అక్కడే గీస్తుంది.

నర్సంపేట

సరే సార్. అమ్మకు చదివి వినిపించాను. "చూసిందే చెప్త" అన్నది.