భార్య వల్ల రాజైనవాడిది "ఇల్లరికం" అనవచ్చా?

క్రూసేడ్ల (జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన మధ్యయుగపు యుద్ధాల) మీద తెలుగులో వ్యాసం రాస్తున్న మిత్రుడొకరు నిన్న గ్రూపులో ఒక ప్రశ్న పెట్టారు. సింహాసనం భార్యది, ఆమెను చేసుకోవడం వల్ల తానూ రాజయ్యాడు. అలాంటివాణ్ణి తెలుగులో ఏమనాలి? లాటిన్‌లో దీనికి "భార్య హక్కున" అనే అర్థమిచ్చే న్యాయశాస్త్ర పదం ఉంది. ఆయన దాన్ని మక్కీకి మక్కీ దించి "భార్యాధికార రాజు" అన్నారు. అది చదివితే ఇంట్లో భార్య పెత్తనం చేస్తున్నట్టు అనిపిస్తుంది. నా ఓటు ఇల్లరికానికే.

జెరూసలేం రాజ్యం 1099లో పుట్టింది. ఏలినవాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్సు నుంచి వచ్చిన దొరలు. మగ వారసులు మాత్రం నిలవలేదు. అక్కడి రాజు రెండో బాల్డ్విన్‌కు నలుగురూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి మెలిసెండ్‌కు సంబంధం వెతికి, ఫ్రాన్సులోని ఆంజూ ప్రాంతపు దొర (కౌంటు) ఫుల్క్‌ను పిలిపించాడు. ఫుల్క్ ఆంజూను కొడుకు జెఫ్రీకి అప్పజెప్పి వచ్చి, 1129లో ఆమెను పెళ్లాడాడు. కొడుకుల్లేని మామ, ఆస్తి చూసుకోవడానికి సొంత ఊరు వదిలి వచ్చిన అల్లుడు. ఇల్లరికం అంటే ఇదే కదా. 1131లో మామ పోయాక ఫుల్క్ పెత్తనమంతా తన చేతిలోకి తీసుకోబోయాడు. మెలిసెండ్ ఊరుకోలేదు. కొన్నేళ్లకే, చిన్న పనైనా ఆమెను అడగందే చేసేవాడు కాదని టైర్ ఆర్చిబిషప్ విలియం తన చరిత్రలో రాశాడు.

మన మిత్రుడి వ్యాసం లుసిన్యాన్ వంశం గురించి. పశ్చిమ ఫ్రాన్సులో ప్వాటూ ప్రాంతపు దొరలు వాళ్లు. అన్న ఎమరీ ముందే జెరూసలేం చేరాడు. తమ్ముడు గీ (ఇంగ్లిష్ పుస్తకాల్లో గై) 1180లో సిబిల్లాను చేసుకున్నాడు. ఆమె కుష్ఠు రోగి అయిన రాజు నాలుగో బాల్డ్విన్‌కు అక్క. మొదటి భర్త పోయాడు, ఒక కొడుకున్నాడు. 1185లో రాజు, 1186లో ఆ పసివాడు పోయారు. వారసత్వం సిబిల్లాకు వచ్చింది.

దొరలకు గీ అంటే గిట్టదు. అతన్ని వదిలేస్తేనే కిరీటం అన్నారు. తర్వాతి భర్తను తానే ఎంచుకుంటానన్న షరతు మీద ఆమె సరేనంది. పవిత్ర సమాధి చర్చిలో జెరూసలేం పెద్ద మతగురువు (పాట్రియార్క్) హెరాక్లియస్ ఆమె తలమీద కిరీటం పెట్టాడు. రెండో కిరీటం పక్కనే ఉంది. ఆమె గీని ముందుకు పిలిచింది, అతను వచ్చి మోకరిల్లాడు, ఆమె తన చేత్తోనే ఆ కిరీటం అతని తలకు పెట్టింది. ఆనాటి వృత్తాంతాలు చెప్పే సంగతి ఇది. రామ్లా దొర బాల్డ్విన్ ఈ రాజుకు విధేయత చెప్పనంటూ రాజ్యమే వదిలి, ఉత్తరాన ఉన్న మరో క్రూసేడర్ రాజ్యం అంతియోక్‌కు వెళ్లిపోయాడు. పెళ్లాం చేతి మీదుగా వచ్చిన కిరీటాన్ని ఇల్లరికం అనక ఏమంటాం?

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ఇల్లరికం అనగానే మన చెవికి చులకనగా వినిపిస్తుంది. చరిత్ర వ్యాసంలో తటస్థమైన మాట వాడాలి కదా?

జవాబు: ఆ చులకన అక్కడా ఉందండీ. ఎక్కడినుంచో వచ్చినవాడు మా మీద రాజేమిటని స్థానిక దొరలు అనుకున్నారు. 1187 జూలై 4న హత్తిన్ దగ్గర సైన్యమంతా తుడిచిపెట్టుకుపోయి, గీ ముస్లిం సుల్తాను సలాదీన్‌కు బందీగా చిక్కాడు. ఆ అక్టోబరులో జెరూసలేం పోయింది. తర్వాత స్థానిక దొరల్లో చాలామంది అతన్ని నెత్తిన పెట్టుకోలేదు. మాటలో ఉన్న ఆ ధ్వనిని దాచడం కన్నా ఉంచడమే న్యాయం.

వ్యాఖ్య: నాది చట్టం వైపు నుంచి ఒక అభ్యంతరం. ఇల్లరికం వేరు, ఇల్లటం వేరు. రెడ్లు, కమ్మవారిలో ఉన్న ఇల్లటాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే కోర్టులు ఆచారంగా ఒప్పుకున్నాయి. ఆ ఆచారంలో ఇల్లటపుటల్లుడికి కొడుకుతో సమానంగా హక్కు ఉండేది, పుట్టింటి వాటా కూడా పోయేది కాదు. ఉత్త ఇల్లరికపుటల్లుడికి అవేమీ ఉండేవి కావు. గీ ఈ రెంటిలో ఎవరు?

జవాబు: అసలు తగాదా అంతా మీరు అడిగిన చోటే ఉందండీ! 1190లో ఎకర్ అనే రేవు పట్టణపు ముట్టడి శిబిరంలో జబ్బు పాకి సిబిల్లా, ఇద్దరు కూతుళ్లూ చనిపోయారు. నాకు పట్టాభిషేకం జరిగింది, నేను రాజునే అన్నాడు, అప్పటికి చెర వీడి వచ్చిన గీ. అంటే తనకు ఇల్లటపు హక్కు ఉందన్నట్టు. భార్యే లేనప్పుడు నీకు హక్కెక్కడిది అన్నారు ఎదుటివాళ్లు. వాళ్ల లెక్కలో అతను ఉత్త ఇల్లరికపుటల్లుడు. సిబిల్లా సవతి చెల్లెలు ఇసాబెల్లాకు ఉన్న పెళ్లి రద్దు చేయించి, మోంఫెర్రా కాన్రాడ్‌కిచ్చి కట్టబెట్టారు. 1192లో కాన్రాడ్ హత్యకు గురైన వారం రోజులకే ఆమెను షాంపేన్ హెన్రీకిచ్చి చేశారు. అతనూ 1197లో కిటికీలోంచి పడి పోయాడు. నాలుగో భర్త ఎవరనుకున్నారు? గీ అన్న ఎమరీ. ఆమె ఇష్టాయిష్టాలు అడిగినవాళ్లు కనబడరు, అది తలుచుకుంటే బాధేస్తుంది. కిరీటం ఆమెది, మొగుళ్లు మారారంతే. మిత్రుడి వ్యాసంలో ఆమె పేరు భర్తల పేర్ల కన్నా ముందు రావాలి.

వ్యాఖ్య: మరి సైప్రస్ సంగతి? లుసిన్యాన్లు అక్కడా ఏలారు కదా.

జవాబు: అక్కడ ఈ మాట వాడకూడదు. 1191లో ఇంగ్లండు రాజు రిచర్డ్ ఆ ద్వీపాన్ని గెలిచి టెంప్లర్లకు (క్రైస్తవ యోధ సన్యాసుల సంఘానికి) లక్ష బెజాంట్లకు (బంగారు నాణేలకు) అమ్మాడు. వాళ్ల వల్ల కాక తిరిగిచ్చేస్తే, 1192లో గీకి దక్కింది. అది కొనుక్కున్న ఆస్తి. అతను 1194లో పోయాక ఎమరీకి వచ్చింది, 1197లో అతనికి రాజ కిరీటమూ దక్కింది. 1489లో చివరి రాణి కాతరీనా కోర్నారో వెనిస్‌కు అప్పగించేదాకా ఆ ఇంటిపేరే నడిచింది.

అయితే మగ సంతతి 1267లోనే ఆగిపోయింది. ఆ ఏడు గద్దెనెక్కిన మూడో హ్యూ తండ్రి వైపు అంతియోక్ వాడు, తల్లి లుసిన్యాన్ ఆడపడుచు. తల్లి ఇంటిపేరు పెట్టుకుని రాజయ్యాడు. దీనికి కొత్త మాట కల్పించక్కర్లేదు, దౌహిత్రుడు అనే మాట మనకు ఉండనే ఉంది. సరిగ్గా ఆ కాలంలోనే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోంది. భర్త వీరభద్రుడు రాజు కాలేదు, ఆమె తర్వాత కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు కాకతీయుడిగానే గద్దెనెక్కాడు. కాబట్టి మిత్రమా, గీకి ఇల్లరికం, మూడో హ్యూకి దౌహిత్రుడు అని రాయండి. "భార్యాధికార రాజు"ను మాత్రం కొట్టేయండి.