అప్‌డేట్: పత్రికలో ఫీచర్స్ డెస్క్ (ప్రత్యేక కథనాల విభాగం) వదిలి రిపోర్టింగ్‌కు వెళ్లాలా అని అడిగింది నేనే

పరిశోధనాత్మక రిపోర్టింగ్‌కు మారతానంటే, "ఆడపిల్లని రాత్రిళ్లు ఎలా పంపుతాం" అని మా ఎడిటర్ ఆపుతున్నారని రాశాను కదా. మీలో ఒకరు, అనుమతి అడగడం మాని కాగితాలతో స్టోరీ తెచ్చి బల్ల మీద పెట్టమన్నారు. అదే చేశాను.

ప్రభుత్వ హాస్టల్ సరుకుల బిల్లుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఫీజు 10 రూపాయలే, మండల స్థాయి ఆఫీసులో అయితే 5. జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. అదే చట్టంలోని సెక్షన్ 19(1) కింద పై అధికారికి మొదటి అప్పీలు వేశాక గానీ ఫైలు కదల్లేదు. బిల్లులో ఉన్న పాలు, గుడ్లు పిల్లల ప్లేట్లలో లేవు.

స్టోరీ జిల్లా పేజీలో నా పేరుతోనే వచ్చింది. ఎడిటర్ మెచ్చుకోలేదు కానీ, ఇంకో దరఖాస్తు రాయమన్నారు. మా పత్రికల భాషలో అదే మెప్పు!

ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో గ్రామీణ మహిళలతో మొదలైన ఖబర్ లహరియా పత్రిక గురించి చెప్పినవారికి థాంక్స్. అమ్మకు కూడా చూపించాను. ఆమె టెన్షన్ తగ్గలేదు, నాతో వాదన మాత్రం తగ్గింది.

రాత్రి డ్యూటీకి క్యాబ్ కావాలని రాతపూర్వకంగా అడిగాను. దానికి ఇంకా జవాబు లేదు.