ఎండలో పుట్టి పెరిగినవాళ్ళకి డి విటమిన్ తక్కువేంటండీ? కళ్లజోడు సలహా కూడా కావాలి

ఉండి కాలవ:
అందరికీ నమస్కారమండి. నాకు 46 ఏళ్ళు. భీమవరంలో రొయ్యల మేత డిపోలో లెక్కలు చూస్తాను. ఏడాదిగా నడుము, పిక్కలు ఒకటే లాగుడు. పరీక్ష చేయిస్తే డి విటమిన్ 11 వచ్చింది. 20 లోపుంటే లోటే అని డాక్టరు గారు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకి 60,000 యూనిట్ల పొడి రాశారు. "ఇంత ఎండ కాసే ఊళ్ళో మీకే ఎండ కరువైందా" అని మా ఆవిడ నవ్వు.

అదే వారం చత్వారం కూడా తేలింది. దూరానికి మైనస్ 1 ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు దగ్గరికి 1.75 యాడ్. షాపులో ప్రోగ్రెసివ్ (గీత లేకుండా దూరం, మధ్య, దగ్గర అన్నీ కనబడే అద్దం) తీసుకోమంటున్నారు, బైఫోకల్‌కి (దూరానికొకటి, దగ్గరికొకటి రెండు భాగాలుండే అద్దం) నాలుగింతలు చెప్పారు. అంత పెట్టొచ్చా? ఇంకోటి, చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే డి విటమిన్ తయారవదని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

పాలకొల్లు మాస్టారు:
వాట్సాప్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ విటమిన్ తయారయ్యేది చర్మంలో, కంట్లో కాదు. జోడు నిక్షేపంలా పెట్టుకోండి.

నేను రిటైరయ్యాక రోజూ పొద్దున్నే ఆరింటికి కాలవగట్టు మీద గంట నడిచేవాణ్ణి. అయినా 14 వచ్చింది! లేత ఎండ హాయిగానే ఉంటుంది, కానీ సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు మనకి కావాల్సిన కిరణాలు నేల దాకా పెద్దగా రావట. గుర్తు ఒకటే, మీ నీడ మీకంటే పొట్టిగా ఉండాలి. రోహిణి కార్తెలో తొమ్మిదింటికే పొట్టిదైపోతుంది, అప్పుడే పని ముగించుకోండి, మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి వడదెబ్బ తెచ్చుకోకండి. సంక్రాంతి రోజుల్లో పదిన్నర దాటాలి. చేతులు, కాళ్ళు బయట పెట్టి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వేడి తప్ప ఏమీ రాదు.

రాజోలు కోడలు:
మా ఇల్లు కొబ్బరితోట మధ్యలో. ఎండ నేలకి దిగేదే తక్కువ. నాకు 9, మా అత్తయ్య గారికి 8.

ఆ పొడి విషయంలో జాగ్రత్త అన్నయ్య గారూ. అత్తయ్య గారు వారానికొకటి తాగాల్సింది రోజుకొకటి తాగేశారు, ఇరవై రోజులు. మందుల షాపులో కవరు మీద ఏమీ రాసివ్వలేదు, మేమూ చూసుకోలేదు. వాంతులు, తీరని దాహం, మనిషి మత్తుగా పడుకుండిపోవడం. రక్తంలో కాల్షియం పెరిగిపోయిందని ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. బలానికి మందే కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోకండి. నేనిప్పుడు క్యాలెండర్లో ఆదివారాలకి సున్నాలు చుట్టి, తాగాక కొట్టేస్తున్నాను. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక పాలల్లో కలుపుకోండి. కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుందన్నారు.

చెరువు గట్టు:
నాకు డి విటమిన్ 34 వచ్చిందండి, ఆయ్! ఇరవై ఏళ్ళుగా గట్ల మీదే బతుకు. దానికి లోటు లేదు గానీ కళ్ళకే వచ్చింది తంటా. ముక్కు వైపు నుంచి తెల్లగుడ్డు మీదకి కండ పెరిగింది. ఎండా, గాలీ, దుమ్మూ ఏళ్ళ తరబడి కొడితే ఇలా వస్తుందట.

పోలరైజ్డ్ జోడు కొన్నాక ప్రాణం లేచొచ్చింది. నీళ్ళ మీద తళతళ పోయి, మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగుతుండగానే రొయ్యలు కనబడుతున్నాయి. ఫోను కాస్త పక్కకి తిప్పితే తెర నల్లగా అయిపోతుంది, పాడైందని మొదటిరోజు కంగారుపడ్డాను. యూవీ 400 అని, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపేదని, రాసి ఉంటేనే కొనండి. తిరునాళ్ళలో అమ్మే ఉత్త నల్లద్దాలు ఇంకా చేటు. చీకటికి కనుపాప పెద్దదై, ఆ కిరణాలన్నీ లోపలికి పోతాయి.

జోళ్ళబ్బాయి:
అమలాపురంలో ఆప్టికల్ షాపు నాది. మా బేరానికి దెబ్బే అయినా చెప్తున్నాను, ప్రోగ్రెసివ్‌లో కంపెనీ పేరు కన్నా కొలత ముఖ్యం. ఫ్రేమ్ మీ ముఖానికి పెట్టి, ముక్కు మీద సరిచేసి, ఏ కంటికి ఆ కంటికి కనుపాప ఎక్కడుందో పెన్నుతో చుక్క పెట్టాలి. చుక్క పెట్టకుండా ఆర్డరు రాసుకునే చోట కొనకండి. అద్దం ఎత్తు తక్కువున్న ఫ్రేమ్ తీసుకుంటే చదివే భాగమే తెగిపోతుంది.

జోడు కాడ లోపల 52-18-140 లాంటి అంకెలుంటాయి. అద్దం వెడల్పు, ముక్కు మీది దూరం, కాడ పొడవు, మిల్లీమీటర్లలో. పాత జోడు ముఖానికి సరిపోయి ఉంటే అవే అంకెలకి దగ్గర్లో తీసుకోండి.

మీది మైనస్ 1 కాబట్టి జోడు తీసేస్తే కంప్యూటర్ తెర బాగానే కనబడాలి. రోజంతా తెర, బిల్లులు, గేటు దగ్గర లారీ అన్నీ చూడాలంటే ప్రోగ్రెసివ్ సుఖం. పుస్తకం ఒక్కటే అయితే బైఫోకల్‌కి వంకేం లేదు.

ఉండి కాలవ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మొదటి షాపులో చుక్క గురించి అడిగితే "కంప్యూటరే చూసుకుంటుంది" అన్నారు, లేచి వచ్చేశాను. ఇంకోచోట ప్రోగ్రెసివ్ చేయించాను. మొదటి నాలుగు రోజులూ డిపో మెట్ల మీద కాలు ఎక్కడ పడుతోందో తెలియలేదు, ఇప్పుడు గడ్డం దించి చూడటం అలవాటైంది. మూడు పొడులయ్యాయి. నొప్పి తగ్గిందని అప్పుడే చెప్పలేను. డాబా మీద నిలబడి నీడ కొలుచుకుంటుంటే పక్కింటివాళ్ళు అదోలా చూస్తున్నారు. పులసలో డి విటమిన్ ఉంటుందంటున్నారు, నిజమేనా?

చెరువు గట్టు:
కొవ్వు చేప కదా, ఉంటుందండి. పులస ఖరీదుకి ఎన్నేళ్ళ పొడులొస్తాయో మాత్రం లెక్కలాయన మీరే వేసి చెప్పాలి.